మీ గురించి చెప్పండి

నిండు కుండ తొణకదని మనకో సామెత వుంది. చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఎక్కువ మాట్లాడే పిల్లాడికి అమ్మ చెప్తుంది, మార్కులు చెప్పుకుని మురిసిపోయే పిల్లకి అమ్మమ్మ చెప్తుంది. గొప్పవాళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరనీ, చెప్పుకునేవాళ్ళు గొప్పవాళ్ళు కారనీ మనకి ఉగ్గుపాలతో పోస్తారు. ఆడపిల్లయితే మరీను. ఇంటికొచ్చినవాళ్ళు, "మీ అమ్మాయి ఎంత చక్కటి ముగ్గు వేసిందండీ!" అంటే, "ఆఁ, ఏదో గీసింది లెండి" అనాలి తల్లి. అదీ మర్యాద.

ఇరవై రెండేళ్ళు ఇలా పెంచి, ఒకరోజు పొద్దున్నే ఆ పిల్ల చేతికి ఫైలిచ్చి, దేవుడికి దణ్ణం పెట్టించి, ఎదురు రమ్మని పక్కింటి ముత్తయిదువని పిలిచి మరీ పంపిస్తాం. అక్కడ బల్లకి అవతల కూర్చున్న ముగ్గురిలో మధ్యాయన కళ్ళజోడు సర్దుకుని, "ఊఁ, మీ గురించి చెప్పండి" అంటాడు.

ఆ పిల్ల ఏం చెప్పాలి? చెప్పకూడదని నేర్పినదంతా ఇప్పుడు చెప్పాలి. అదీ అయిదు నిమిషాల్లో, తడబడకుండా, నవ్వు మొహంతో!

సామెత తప్పని నేననను. కాని కుమ్మరి దగ్గర కుండ కొనేవాళ్ళని చూశారా? వేలి ముడితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి కుండ, బొంగురుగా పలికితే ఎక్కడో బీట వున్నట్టు. ఊరికే తొణక్కపోవడం మంచిదే గాని, కొట్టినప్పుడు కూడా పలకనంటే ఎలా? బయోడేటా అడగడం, ఇంటర్వ్యూ చెయ్యడం అలా కొట్టి చూడడమే. అయితే ఎంత పలకాలి? తన గురించి తాను చెప్పుకోవడం ఎంతవరకు న్యాయం, ఎక్కడినుంచి పాపం? అసలు చిక్కు అక్కడుంది.

మహాభారతం కర్ణపర్వంలో ఒక సంగతి వుంది. యుద్ధం పదిహేడో రోజు. కర్ణుడి చేత దెబ్బలు తిని శిబిరానికి వచ్చిన ధర్మరాజు, తనని చూడవచ్చిన అర్జునుణ్ణి, ఇంకా కర్ణుణ్ణి చంపలేదన్న కోపంతో నానా మాటలూ అంటాడు. నీ గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యి అంటాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒక రహస్య ప్రతిజ్ఞ! కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడి, పెద్దవాణ్ణి 'నువ్వు' అని ఏకవచనంతో తూలనాడితే చంపినట్టే, అలా ప్రతిజ్ఞ తీర్చుకో అంటాడు. అర్జునుడు అన్నగారిని తిట్టాల్సినవన్నీ తిట్టి, అంతలోనే పశ్చాత్తాపంతో తన్ను తాను పొడుచుకోబోతాడు. అప్పుడు కృష్ణుడు, "చచ్చిపోనక్కర్లేదు, నిన్ను నువ్వు పొగుడుకో, అదీ చావుతో సమానమే" అంటాడు.

అంటే ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమన్నమాట. ఇంత మాట విన్నాక మన దేశంలో ఎవరైనా బయోడేటా ఎలా రాస్తారు చెప్పండి!

కాని రామాయణం తిరగేస్తే ఇంకో దృశ్యం కనిపిస్తుంది. కిష్కింధకాండ చివర్లో వానరులందరూ సముద్రం ఒడ్డున కూర్చుని వున్నారు. ఎవరు ఎంత దూరం దూకగలరో చెప్పమంటాడు అంగదుడు. ఒకడు పది యోజనాలంటాడు, ఇంకొకడు ఇరవై అంటాడు. ముసలితనం వల్ల తొంభై వరకే అంటాడు జాంబవంతుడు. అంగదుడు, నూరు యోజనాలూ దూకగలను గాని తిరిగి రావడమే అనుమానం అంటాడు. గమనించారా? ఇరవై దూకేవాడు నలభై అని చెప్పుకోలేదు. పది దూకేవాడు సిగ్గుపడి నోరు మూసుకోలేదు. ఎదురుగా సముద్రం వుంది మరి! అవతల ఒక ఆడకూతురు బందీగా వుంది. అక్కడ ప్రగల్భాలకీ చోటు లేదు, మొహమాటానికీ చోటు లేదు. దీన్ని ఎవరమూ ఆత్మస్తుతి అనం.

మరి అందరికన్నా సమర్థుడు? హనుమంతుడు ఓ పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. అతని బలం ఎంతో జాంబవంతుడు గుర్తు చెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత హనుమంతుడు తన శక్తి గురించి తానే బాగానే చెప్పుకున్నాడు, ఎవరూ తప్పు పట్టలేదు.

నాకు తోచేదేమంటే, పొగడ్తలో 'నేను' వుంటాను, సాక్ష్యంలో 'పని' వుంటుంది. నేను చేసిన పనికి మొదటి సాక్షిని నేనే. సాక్షి వున్నది లేనట్టు చెప్పినా తప్పే, లేనిది వున్నట్టు చెప్పినా తప్పే. బయోడేటా సాక్షి వాఙ్మూలం లాంటిదనుకుంటే సగం బెరుకు పోతుంది.

మా ఆడపడుచు కూతురు బి.కామ్. చదివింది. పెళ్ళికి ముందు మూడేళ్ళు ఒక ఆడిటరు గారి దగ్గర పని చేసింది. పెళ్ళయి పసిపిల్ల పుట్టిన ఏడే అత్తగారికి పక్షవాతం వచ్చింది. నాలుగేళ్ళు ఇల్లు కదల్లేదు. ఇప్పుడా పెద్దావిడ పోయింది, పిల్ల బడికి వెళ్తోంది, ఇంటి అప్పుకి మొగుడి జీతం చాలడం లేదు. కిందటేడాది ఒక ఆదివారం లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అత్తయ్యా, నువ్వు కథలు రాస్తావుగా. నా గురించి కూడా ఓ కథ రాసిపెట్టు" అంది. నవ్వుతూనే అంది గాని ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

తను తెచ్చిన కాగితం చూశాను. కష్టపడి పనిచేసే స్వభావం, నలుగురితో కలిసిపోయే గుణం, కొత్తవి నేర్చుకోవాలనే తపన అని మూడు ముక్కలు పైన రాసి వున్నాయి. ఎక్కడో చూసి దింపినవి. "నేను బద్ధకస్తుణ్ణి, ఎవరితోనూ పడదు" అని ఎవరైనా రాస్తారా? రాయరు కదా! దాని ఎదురు మాట ఎవరూ రాయలేనప్పుడు ఆ మాటకి విలువేముంది? నవలలో 'ఆమె చాలా దయగలది' అని రాస్తే పాఠకులు పేజీ తిప్పేస్తారు. వానలో తడుస్తున్న పాలబ్బాయికి గొడుగిచ్చి పంపిందని రాస్తే, దయగలదని వాళ్ళే అనుకుంటారు. బయోడేటాకైనా అదే సూత్రం. విశేషణాలు తీసెయ్యాలి, క్రియలు పెట్టాలి. ఏం చేశావు, ఎన్ని చేశావు, ఎంతకాలం చేశావు, దానివల్ల ఏం జరిగింది. రెండు పేజీలు మించకుండా, కొత్త సంగతి ముందు, పాత సంగతి వెనక. ఏ ఉద్యోగానికి పంపుతున్నామో దానికి పనికొచ్చేది కళ్ళకి తగిలేటట్టు.

"ఈ నాలుగేళ్ళూ ఏం చేశావే?" అన్నాను.

"ఏం చేస్తానత్తయ్యా, ఖాళీగా ఇంట్లో వున్నా" అంది.

ఖాళీగా! మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పుతూ, మాత్రల వేళలు గోడమీద రాసుకుని, చంకలో పిల్లతో నాలుగేళ్ళు గడిపిన మనిషి మాట అది. గుచ్చి గుచ్చి అడిగితే ఇంకో సంగతి బయటపడింది. వాళ్ళ అపార్టుమెంటులో నలభై వాటాలున్నాయి. అసోసియేషనుకి కోశాధికారి పేరుకి వాళ్ళాయన. మూడేళ్ళుగా లెక్కలు రాస్తున్నది ఈ పిల్ల. నెలనెలా వసూళ్ళు, లిఫ్టు మరమ్మతు, నీళ్ళ టాంకర్ల బిల్లులు, వాచ్‌మన్ జీతం అన్నీ కంప్యూటర్లో ఎక్కించి, మొండి బకాయిలు వసూలు చేసి, ఏటా సర్వసభ్య సమావేశంలో ఒక్క ప్రశ్న రాకుండా లెక్క ఒప్పజెప్పింది.

"ఇది రాయలేదేం?"

"అది ఆయన పేరుమీద వుంది కదత్తయ్యా!"

చూశారా? చేతులు తనవి, సంతకం ఇంకొకరిది. మన దేశంలో ఎందరు ఆడవాళ్ళ అనుభవ పత్రాలు ఇలా మొగుళ్ళ పేర్ల కింద పడి వున్నాయో ఎవరు లెక్కపెడతారు! 'కోశాధికారికి సహాయకురాలిగా లెక్కలు రాశాను' అని వున్నదున్నట్టు రాయమన్నాను. అసోసియేషన్ ప్రెసిడెంటు గారి దగ్గర ఒక ఉత్తరం తీసుకోమన్నాను. నాలుగేళ్ళ ఖాళీని దాచకుండా, 'కుటుంబ బాధ్యతల వల్ల విరామం' అని ఒక్క వాక్యం రాస్తే చాలన్నాను. ఆ విరామంలో జి.ఎస్.టి. లెక్కల్లో వచ్చిన మార్పులు రెండు నెలలు కూర్చుని నేర్చుకో, నేర్చుకున్నాకే రాయి అన్నాను.

ఇక్కడో తేడా వుంది. 'చేశాను' వేరు, 'చెయ్యగలను' వేరు. 1480ల్లో లియొనార్డో డావిన్సీ మిలాను ప్రభువు లుడొవికో స్ఫోర్జాకి కొలువు కోసం రాసుకున్న ఉత్తరం చిత్తుప్రతి ఇప్పటికీ వుంది. తేలికగా మోసుకుపోయే వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, కప్పున్న యుద్ధ శకటాలు చేస్తాను అని వరసగా రాసి, చిట్టచివర బొమ్మలు కూడా వేస్తాను అన్నాడు. లోకం ఆయన్ని దేనికి తలుచుకుంటోందో అది ఆఖర్న! ప్రభువుకి అప్పుడు కావలసింది యుద్ధ సామగ్రి అని ఆయనకి తెలుసు. ఆ ఉత్తరంలో చాలావరకు 'చెయ్యగలను'లే. కాని ముగింపులో, వీటిలో ఏదైనా అసాధ్యమనిపిస్తే మీ తోటలోనే చేసి చూపిస్తానన్నాడు. 'చేశాను'కి సాక్ష్యం కావాలి, 'చెయ్యగలను'కి పరీక్షకి నిలబడే ధైర్యం కావాలి. రెండోదాన్ని మొదటిదిగా రాస్తే అబద్ధం అక్కడ పుడుతుంది.

మా పిల్ల కాసేపు గోళ్ళు గిల్లుకుని, "ఇంకో దారి కూడా వుందిట అత్తయ్యా" అంది. ఎవరో కన్సల్టెన్సీ అతను ముప్ఫై వేలిస్తే ఈ నాలుగేళ్ళూ ఒక కంపెనీలో పని చేసినట్టు అనుభవ పత్రం, జీతం చీటీలు అన్నీ ఇస్తానన్నాట్ట. "అందరూ అలాగే చేస్తున్నారుట."

హైదరాబాదులో ఇలాంటి కాగితాలు అమ్మేవాళ్ళు పట్టుబడ్డారని పేపర్లో చదువుతూనే వుంటాం. మన పిల్లలకి దేశాల మీద వున్న పేరుకి ఈ వ్యాపారం తెచ్చిన మచ్చ ఇంతా అంతా కాదు. పైగా దాగే రోజులు కూడా కావివి. 2014 నుంచి ప్రావిడెంట్ ఫండుకి మనిషికి ఒకే నెంబరు. ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో దాంట్లో తెలిసిపోతుంది. కాని దొరికిపోతాం కాబట్టి వద్దనుకోవడం నీతి కాదు, లెక్క. దొరకమని గ్యారంటీ ఇస్తే?

అప్పుడూ వద్దనే అంటాను. ఆ ఇంటర్వ్యూ గది బయట నాలుగో కుర్చీలో ఒక పిల్ల కూర్చుని వుంటుంది. ఆమెకీ ఇంటి అప్పుంటుంది. ఉన్నదున్నట్టు రాసుకొచ్చి వుంటుంది. మనం కొనుక్కున్న నాలుగేళ్ళు ఆమె నోటి దగ్గర కూడు లాగేస్తాయి. కంపెనీని మోసం చేశాననుకుంటాం గాని, మోసపోయేది ఆ నాలుగో కుర్చీ. ఆమె ముఖం మనం చూడం. అందుకే తేలిగ్గా చేసేస్తాం.

ఇంకా పెద్ద నష్టం ఒకటుంది. ఆ దొంగ కాగితం మీద సంతకం పెడితే, అత్తగారి మంచం పక్కన గడిపిన నాలుగేళ్ళు జరగనే లేదని తన చేత్తో తాను రాసిచ్చినట్టు. ఆ ముసలావిడ చివరి రోజుల్లో ఈ పిల్ల చెయ్యి పట్టుకుని నిద్రపోయేదట. ఆ చెయ్యి ఆ వేళ ఏదో కంపెనీలో రిజిస్టరు రాస్తోందని రుజువు చూపించాలి! ఆత్మస్తుతి ఆత్మహత్య ఎలా అవుతుందో నాకు ఇక్కడ అర్థమయింది. లేని మనిషిని నిలబెట్టాలంటే ఉన్న మనిషిని చంపాలి.

మరయితే అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పెయ్యాలా? తమాషా ఏమిటంటే దీనికీ సమాధానం కర్ణపర్వంలో అదే ఘట్టంలో వుంది. కత్తి దూసిన అర్జునుడికి కృష్ణుడు కౌశికుడి కథ చెప్తాడు. సత్యవ్రతుడైన ఆ ముని, దొంగలు అడగ్గానే, ప్రాణభయంతో పారిపోయినవాళ్ళు ఎటు వెళ్ళారో చెప్పేశాడు. వాళ్ళు చచ్చారు, మునికి నరకం వచ్చింది. 1797లో యూరపులో ఇదే తగాదా నడిచింది. నిజం వినే హక్కున్నవాడికే నిజం చెప్పే బాధ్యత వుంటుందని బెంజమిన్ కాన్‌స్టాంట్ అంటే, కాదు, హంతకుడికైనా అబద్ధం చెప్పకూడదని కాంట్ వాదించాడు.

నాకు ఇద్దరిలోనూ కాస్త కాస్త నచ్చుతుంది. లెక్కలు వచ్చా అని అడిగే హక్కు ఉద్యోగం ఇచ్చేవాడికుంది. రెండో బిడ్డ ఎప్పుడు అని అడిగే హక్కు లేదు. కులం ఏమిటని చుట్టూ తిప్పి, "మీది ఏ ఊరు, మీ నాన్నగారు ఏం చేసేవారు" అని ఆరా తీసే హక్కు అంతకన్నా లేదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు పేపర్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి సమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపించి, పైన పేర్లు మాత్రం మార్చి చూశారు. దళితులవని, ముస్లిములవని తెలిసే పేర్లున్న దరఖాస్తులకి పిలుపు వచ్చే అవకాశం తక్కువని 2007లో ప్రచురించారు. పేరు అబద్ధం కాదు, అర్హత అబద్ధం కాదు, అయినా తలుపు మూసుకుంది. కాబట్టి నీతి పరీక్ష బల్లకి ఇవతల కూర్చున్నవాళ్ళకే అనుకోకండి. అవతల కూర్చున్నవాళ్ళకీ వుంది.

హక్కు లేని ప్రశ్నకి అబద్ధం ఆడక్కర్లేదు, తలుపు మర్యాదగా దగ్గరికి వేస్తే చాలు. "ఈ పనికి కావలసిన సమయం నేను ఇవ్వగలనండీ" అన్నది నిజమైన జవాబే. పనికి సంబంధించిన ప్రశ్న తెలియకపోతే "తెలియదండీ" అనాలి. వీలయితే, ఎలా తెలుసుకుంటానో ఒక్క మాట చెప్పాలి. "మీ బలహీనత ఏమిటి?" అంటే, "మరీ ఎక్కువ కష్టపడతానండీ" అనే పాత పాట వద్దు. వినేవాళ్ళకీ నవ్వొస్తుంది. వున్న లోపం ఒకటి చెప్పి, దానికి ఏం చేస్తున్నావో చెప్పు. ఇంటికి వెళ్ళాక అద్దంలో మొహం చూసుకోవడానికి ఇబ్బంది వుండదు.

ఇంటర్వ్యూ ఒక్కటే మనిషిని తూచగలదా అంటే, సర్కారుకే నమ్మకం తగ్గింది. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో కింది స్థాయి ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు తీసేశారు. సివిల్ సర్వీసుల్లో మాత్రం మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూకే వున్నాయి. ఊరికే పిచ్చాపాటీగా అడిగేదానికన్నా, అందరినీ అవే ప్రశ్నలు అడిగి మార్కులు వేసే ఇంటర్వ్యూలు మనిషి పనితనాన్ని మెరుగ్గా పట్టిస్తాయని ష్మిట్, హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో తేల్చారు. అంటే ఓడిపోయిన ప్రతి ఇంటర్వ్యూలోనూ లోపం మనదే కానక్కర్లేదు.

మా పిల్ల కథ ఏమయిందంటారా? మొదటిచోట విరామం చూసి పిలవనే లేదు. రెండోచోట పిలిచి, రెండో బిడ్డ గురించి అడిగి, తర్వాత కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇంకా దారిలోనే వుంది. నాలుగు నెలల తర్వాత ఒక చిన్న వ్యాపారస్తుడి దగ్గర దొరికింది, తను అనుకున్నదానికన్నా తక్కువ జీతానికి. ఆయన అపార్టుమెంటు లెక్కల గురించే అరగంట అడిగాడట. సత్యమేవ జయతే అని గోడమీద రాసుకున్నాం గాని, నెలాఖరులోగా జయిస్తుందని ఎక్కడా రాయలేదు. ఆ నాలుగు నెలల వాయిదాలు ఎలా కట్టారో వాళ్ళకి తెలుసు. నిజానికి వెల వుంటుంది. లేదని పిల్లలకి చెప్పడం కూడా ఒక అబద్ధమే.

నాకు మాత్రం రామాయణంలో అంగదుడి మాటే మాటిమాటికీ గుర్తొస్తుంది. యువరాజు, అందరి ముందూ, వెళ్ళగలను గాని తిరిగి రాగలనో లేదో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతని గౌరవం వీసమెత్తు తగ్గలేదు. అలా చెప్పగలిగే పిల్లలూ కావాలి, అలా చెప్తే వినగలిగే పెద్దలూ కావాలి. అంతకన్నా ముందు ప్రతి ఇంట్లో ఒక జాంబవంతుడు కావాలి. మీ ఇంట్లో కోడలో, చెల్లెలో, "ఖాళీగా ఇంట్లో వున్నా" అంటే ఊఁ కొట్టి ఊరుకోకండి. కాసేపు పక్కన కూర్చుని, ఏమేం చేస్తున్నావో చెప్పమ్మా అని అడగండి. కాగితం, కలం దగ్గర పెట్టుకుని మరీ అడగండి.